ఒకే పారిష్‌లో ముగ్గురు బ్రిడ్జెట్‌లు: మా ఆయన వైపు ఐరిష్ పూర్వీకుల్ని వెతికిన కేసు

ఐరిష్ పూర్వీకుల్ని వెతికిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఒక పేరు, ఒక కౌంటీ పేరు, అంతే. "మా ముత్తాత ర్యాన్ అండీ, టిప్పరరీ నుంచి వచ్చాడట" అంటారు. ఈ రెండింటితో పని జరగదు, ఎందుకంటే టిప్పరరీలో ఎటు చూసినా ర్యాన్‌లే. అక్కడ మనిషిని పేరు పట్టుకుని వెతికితే దొరకడు, ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్లని పట్టుకుంటే దొరుకుతాడు. పెళ్లికి సాక్షిగా నిలబడింది ఎవరు, బిడ్డకి జ్ఞానతల్లిగా (జ్ఞానస్నానం రోజు బిడ్డ తరఫున నిలబడే ఆవిడ) ఉన్నది ఎవరు, ఓడ ప్రయాణానికి డబ్బు కట్టింది ఎవరు, పక్క పొలం ఎవరిది, ఇవీ అడగాల్సిన ప్రశ్నలు. దీన్ని చూపించడానికి మా ఇంటి కేసే తీసుకుంటున్నాను, ఇందులో ఈ ప్రశ్నలన్నీ పనికొచ్చాయి.

నేను ఉండేది సిడ్నీలో, కుటుంబ చరిత్రల పరిశోధన నా వృత్తి. మా ఆయన ఆస్ట్రేలియన్, మామగారి వైపు ఐరిష్ కాథలిక్కులు. నాది గుంటూరు జిల్లా కాథలిక్ కుటుంబం కాబట్టి జ్ఞానస్నానం రిజిస్టరు అంటే ఏంటో, అందులో ఏం రాస్తారో, ఏం వదిలేస్తారో చిన్నప్పటి నుంచీ చూసినదాన్నే. రాసేముందు మామగారి అనుమతి తీసుకున్నాను. బతికున్నవాళ్ల వివరాలు, ఐర్లండ్‌లో వాళ్ల సొంత పల్లె పేరు రాయను. బ్రిడ్జెట్ అన్నది కూడా మార్చిన పేరే, అసలు పేరు కూడా అంతే మామూలు పేరు.

బ్రిడ్జెట్ మా మామగారికి ముత్తవ్వ, పుట్టింటి ఇంటిపేరు ర్యాన్. ఆవిడ గురించి ఇంట్లో చెప్పుకునే కథ ఒకటుంది: 1840ల ఐరిష్ కరువులో అమ్మానాన్నలు పోతే అనాథ పిల్లగా ఓడెక్కించి పంపేశారని. మామగారు ఈ కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోతుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఒళ్లో కూర్చుని విన్న కథ అది. నిజంగానే అలాంటి పథకం ఒకటి నడిచింది. బ్రిటన్‌లో వలసరాజ్యాల మంత్రి ఎర్ల్ గ్రే హయాంలో 1848 నుంచి 1850 దాకా ఐర్లండ్ వర్క్‌హౌస్‌ల (దిక్కులేని పేదల్ని ఉంచే ఆశ్రమాల) నుంచి 4 వేలకు పైగా ఆడపిల్లల్ని ఆస్ట్రేలియాకి పంపారు, సిడ్నీ హైడ్ పార్క్ బ్యారక్స్ దగ్గర వాళ్లకి స్మారకం కూడా ఉంది. ఆ పిల్లల జాబితాలు దొరుకుతాయి. ఇంట్లో వాళ్లు ఆ జాబితాలో అదే పేరున్న ఒక అమ్మాయిని చూసి ఈవిడే అనుకుని ఏనాడో ఖాయం చేసేసుకున్నారు. కాబట్టి నా ముందున్న ప్రశ్న "బ్రిడ్జెట్ ఎవరు" అన్నది మాత్రమే కాదు, "ఆ జాబితాలో అమ్మాయి ఈవిడేనా" అన్నది కూడా.

సముద్రం దాటకముందు చేయాల్సిన పని

ఇక్కడ అందరూ తొందరపడతారు. నేరుగా ఐరిష్ వెబ్‌సైట్లోకి వెళ్లి పేరు టైప్ చేస్తారు, వందల ఎంట్రీలు వస్తాయి, అందులో వయసు కాస్త దగ్గరగా ఉన్నది తీసి వంశవృక్షానికి తగిలిస్తారు. అలా తగిలించిన చెట్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, ఒకళ్లది చూసి ఇంకొకళ్లు ఎక్కించుకుంటూ పోతున్నారు. ఐర్లండ్‌లో అడుగుపెట్టే ముందు, మనవాళ్లు వలస వెళ్లిన దేశంలో వాళ్ల గురించి రాసిన ప్రతి కాగితం బయటికి తీయాలి. బ్రిడ్జెట్ బతికిందీ పోయిందీ న్యూ సౌత్ వేల్స్‌లోని బురోవా ప్రాంతంలో. అక్కడ సివిల్ రిజిస్ట్రేషన్ 1856లో మొదలైంది. ఆ కాలపు సర్టిఫికెట్లు చాలా వివరంగా ఉంటాయి: చనిపోయినవాళ్లు ఎక్కడ పుట్టారు, తల్లిదండ్రులు ఎవరు, ఎన్నేళ్ల నుంచి కాలనీలో (అంటే ఆ వలసరాజ్యంలో) ఉన్నారు, ఎక్కడ ఎవరిని పెళ్లాడారు, పిల్లల పేర్లు ఏంటి, అన్నీ అడిగి రాశారు.

ఆవిడ డెత్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మైకేల్ అని ఉంది. అంతకు నలభై ఏళ్ల పైన రాసిన మ్యారేజ్ సర్టిఫికెట్‌లో తండ్రి జాన్. ఏది నమ్మాలి? ఇలాంటప్పుడు నేను చూసేది ఆ మాట చెప్పింది ఎవరన్నది. చావు నమోదు చేయించింది అల్లుడు. ఆయన పుట్టి పెరిగిందంతా ఆస్ట్రేలియాలోనే, అత్తగారి తండ్రిని చూసే అవకాశమే లేదు. పైగా ఇంట్లో ఇంకా దుఃఖం ఆరని రోజు ఒక రిజిస్ట్రార్ ముందు నిలబడి చెప్పిన మాట. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఉన్నది మాత్రం ఆవిడ స్వయంగా చెప్పిన తన తండ్రి పేరు. అందుకే జాన్ వైపు మొగ్గాను, కానీ మైకేల్‌ని కొట్టిపారేయకుండా పక్కన రాసి పెట్టుకున్నాను. ఆ మ్యారేజ్ సర్టిఫికెట్‌లో నాకు ఎక్కువ పనికొచ్చింది తండ్రి పేరు కంటే అడుగున ఉన్న సాక్షి సంతకం. ఆడమనిషి, ఇంటిపేరు డ్వైయర్. పెళ్లికొడుకు వైపు ఆ ఇంటిపేరు ఎక్కడా లేదు, అంటే పెళ్లికూతురి వైపు మనిషి అయ్యుండాలి.

తర్వాత ఓడ కాగితాలు. ప్రభుత్వ ఖర్చుతో వచ్చినవాళ్లు సిడ్నీలో దిగగానే ఇమ్మిగ్రేషన్ బోర్డు వాళ్లని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగేది. సొంతూరు, తల్లిదండ్రుల పేర్లు, వాళ్లు బతికున్నారా, ఉంటే ఎక్కడ ఉన్నారు, మతం, చదవడం రాయడం వచ్చా, కాలనీలో చుట్టాలు ఎవరైనా ఉన్నారా, చివరికి ఓడలో ఎలా చూసుకున్నారు, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని కూడా. ఈ జాబితాలు న్యూ సౌత్ వేల్స్ స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1860ల మొదట్లో దిగిన ఒక ఓడ జాబితాలో మన బ్రిడ్జెట్ ఉంది: వయసు 19, ఇంటిపని, తల్లిదండ్రులు జాన్, హనోరా, తండ్రి పోయాడు, తల్లి టిప్పరరీలోనే ఉంది, బురోవాలో కజిన్ ఉన్నాడు. ఆ కజిన్ మేనమామ కొడుకో పెదనాన్న కొడుకో కాగితం చెప్పదు, అది మనమే తేల్చుకోవాలి. కానీ పేరు ఉంది, అతనూ డ్వైయరే.

ఈ ఒక్క లైనుతో అనాథ కథ పోయింది. ఓడెక్కేనాటికి తల్లి బతికే ఉంది, వచ్చింది ఎర్ల్ గ్రే పథకం ముగిసిన పదేళ్లకు పైగా తర్వాత. జాబితాలో వీళ్లు చూసిన అమ్మాయి వేరే మనిషి, ఆమెకీ ఈ కుటుంబానికీ సంబంధం లేదు. ఇది మామగారికి ఫోన్లో చెప్పలేదు. కాగితాలు పట్టుకుని ఇంటికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని, ఆ బోర్డు జాబితాలో లైను ఆయన చేతే చదివించాను. తల్లి బతికుందన్న చోట ఆగి, మళ్లీ చదివారు. కథ తప్పని నేను చెబితే నేను ఆయన దగ్గరున్నది ఏదో లాక్కున్నట్టు ఉండేది. మా వృత్తిలో ఇది నేర్చుకోవాల్సిన పని అని నా గట్టి నమ్మకం: ఇంటి కథని కాదనేటప్పుడు దాని స్థానంలో ఆధారం పెట్టగలిగాకే నోరు విప్పాలి.

ఇంకో దస్తావేజు గురించి కూడా చెప్పాలి, దీని సంగతి చాలామందికి తెలియదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్నవాళ్లు కొంత డబ్బు డిపాజిట్ కట్టి ఐర్లండ్‌లోని తమ వాళ్లని పిలిపించుకోవచ్చు. దానికి సంబంధించిన ఇమ్మిగ్రేషన్ డిపాజిట్ జర్నల్స్ 1853 నుంచి ఉన్నాయి. డబ్బు కట్టినవాళ్ల పేరు, రావాల్సినవాళ్ల పేరు, వయసు, ఐర్లండ్‌లో వాళ్ల చిరునామా, వాళ్లని ఎరిగిన పెద్దమనిషి పేరు అందులో రాసేవారు. ఆ పెద్దమనిషి చాలాసార్లు ఆ పారిష్ (ఒక చర్చి కింద వచ్చే ఊళ్లు) ఫాదరే. బ్రిడ్జెట్ కోసం డబ్బు కట్టింది బురోవాలోని ఆ డ్వైయర్. చిరునామా దగ్గర టిప్పరరీలోని కాషెల్ అనీ, దానికి ముందు ఒక చిన్న పల్లె పేరూ, ఫాదర్ పేరూ ఉన్నాయి. పల్లె పేరుని ఇక్కడి గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్నాడు, అది అలాగే ఏ మ్యాపులోనూ దొరకదు. కానీ ఫాదర్ పేరుని బట్టి పారిష్ ఏదో తేలింది.

బురోవాకే ఎందుకు వచ్చింది అన్నదానికీ జవాబు ఉంది. 1816లో టిప్పరరీలోని క్లోనూల్టీ నుంచి ఖైదీగా పంపబడిన నెడ్ ర్యాన్ అనే ఆయన, శిక్ష ముగిశాక బురోవాకి దగ్గర్లోని గలాంగ్‌లో పెద్ద భూస్వామి అయ్యాడు. ఆయన వెనక టిప్పరరీ నుంచి చుట్టాలూ ఊరివాళ్లూ వరసగా వచ్చి ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. ఒకళ్లు వచ్చి నిలదొక్కుకుని ఇంకొకళ్లని పిలిపించుకోవడం మన తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పరిశోధనకి దీని ఉపయోగం ఏంటంటే, బురోవా శ్మశానంలో పక్కపక్కన ఉన్న సమాధుల మీద ఐర్లండ్‌లో పక్కపక్కన ఉన్న ఊళ్ల పేర్లు కనబడతాయి. ట్రోవ్ అనే ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ సైట్లో పాత పేపర్లలో ఆ ప్రాంతపు చావు వార్తలు వరసగా చదివితే ఎవరు ఏ పారిష్ నుంచి వచ్చారో మెల్లగా ఒక బొమ్మ కడుతుంది.

(అమెరికాలో స్థిరపడ్డ ఐరిష్ కుటుంబంలోకి వెళ్లిన తెలుగువాళ్లకి ఒక మాట. మీకు ఈ బోర్డు జాబితాలు ఉండవు. మీరు చూడాల్సింది చర్చి పెళ్లి రిజిస్టర్లు, 1906 సెప్టెంబర్ తర్వాతి పౌరసత్వ కాగితాలు, బోస్టన్ పైలట్ పత్రిక 1831 నుంచి 1921 దాకా వేసిన "తప్పిపోయిన మిత్రులు" ప్రకటనలు. ఆ ప్రకటనల్లో చాలాసార్లు పారిష్ పేరు దాకా రాసి ఉంటుంది.)

టిప్పరరీలో

ఐర్లండ్ రికార్డుల్లో అన్నిటికీ ఆధారం టౌన్‌ల్యాండ్. మన పల్లె కంటే చిన్నది, కొన్నిసార్లు నాలుగైదు ఇళ్లు, కొన్ని పొలాలు. ఇలాంటివి దేశం మొత్తం మీద 60 వేలకు పైగా ఉన్నాయి, ఒకే పేరున్నవి పది కౌంటీల్లో కనబడతాయి. టౌన్‌ల్యాండ్ తెలిస్తే అది ఏ సివిల్ పారిష్ (ప్రభుత్వ లెక్కల పారిష్), ఏ కాథలిక్ పారిష్, ఏ బారనీ (కౌంటీలో ఒక భాగం), ఏ పూర్ లా యూనియన్ (పేదల సాయం కోసం చేసిన విభాగం) అన్నవి తెలుస్తాయి. సివిల్ పారిష్, కాథలిక్ పారిష్ హద్దులు ఒకటి కావు, ఇక్కడ చాలామంది తికమక పడతారు. నేను కాషెల్ యూనియన్‌లో ఆ కాథలిక్ పారిష్ కింద వచ్చే టౌన్‌ల్యాండ్‌ల పేర్లన్నీ రాసుకుని, గుమాస్తా రాసిన పేరుని పైకి చదువుతూ ఒక్కొక్కదానితో పోల్చాను. రెండు దగ్గరగా వచ్చాయి. లోగెన్మ్ అనే స్థలనామాల డేటాబేస్‌లో పాత స్పెల్లింగులు కూడా ఉంటాయి, వాటితో చూస్తే ఒకటే నిలిచింది.

ఇక్కడ రికార్డుల సంగతి కాస్త చెప్పాలి, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. 1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల్లో అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో జరిగిన పేలుడులో, మంటల్లో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా నాలుగు జనాభా లెక్కలు, కొన్ని ముక్కలు తప్ప, అందులోనే పోయాయి. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే అంతకుముందే నాశనం చేసింది, 1881, 1891 కాగితాల్ని మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జు చేశారు. 1901, 1911 లెక్కలు మాత్రం పూర్తిగా ఉన్నాయి, ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఉచితం. పుట్టుక, చావు, కాథలిక్ పెళ్లిళ్ల ప్రభుత్వ నమోదు 1864లో గానీ మొదలవలేదు. అంటే 1840ల్లో పుట్టిన బ్రిడ్జెట్‌కి మిగిలింది చర్చి రిజిస్టరు ఒక్కటే. కాథలిక్ రిజిస్టర్లు ఎక్కువగా పారిష్‌ల దగ్గరే ఉండిపోయాయి కాబట్టి మంటల్లో పడలేదు. నేషనల్ లైబ్రరీ వాళ్లు వాటి మైక్రోఫిల్ములని 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఇది నాకు చాలా పెద్ద విషయం. అంతకుముందు డబ్లిన్ వెళ్లి మెషీన్ ముందు కూర్చుంటే గానీ కుదరని పని.

ఆ రిజిస్టరు పేజీ ఎలా ఉంటుందో చెబుతాను. నలుపు తెలుపు బొమ్మ, అంచులు చిరిగి, ఒక మూల తడిసిన మరక. ఫాదర్ రాత పైనుంచి కిందకి వచ్చేకొద్దీ చిన్నదవుతూ, పేజీ చివర మూడు ఎంట్రీలు రెండు లైన్ల చోట్లో ఇరికించి ఉంటుంది. పేర్లు లాటిన్‌లో: జాన్ జోవాన్నెస్ అవుతాడు, జేమ్స్ జాకోబస్, విలియం గులియెల్మస్, బ్రిడ్జెట్ బ్రిజిడా. తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, అదృష్టం ఉంటే టౌన్‌ల్యాండ్. ఇండెక్సులో వెతికితే సరిపోదు, పేజీలు తిప్పుతూ చదవాలి. ఇండెక్సు తయారు చేసినవాళ్లు ఆ రాతని చదవలేక వదిలేసినవి, తప్పు చదివినవి చాలా ఉంటాయి.

బ్రిడ్జెట్ వయసు ఓడ జాబితా, పెళ్లి, చావు మూడింట్లో మూడు రకాలుగా ఉంది, కాబట్టి 1840 నుంచి 1847 దాకా మొత్తం చదివాను. తండ్రి జాన్ ర్యాన్‌గా ముగ్గురు బ్రిడ్జెట్‌లు దొరికారు. ఒకరి తల్లి మేరీ, ఆవిడని వెంటనే తీసేయొచ్చు. మిగిలిన ఇద్దరికీ తల్లి హనోరానే! ఒక హనోరా పుట్టింటివాళ్లు హేస్, ఇంకొకరి పుట్టింటివాళ్లు డ్వైయర్. డ్వైయర్ చూడగానే మనసు అటు పరిగెడుతుంది, సాక్షి డ్వైయర్, డబ్బు కట్టింది డ్వైయర్. కానీ టిప్పరరీలో డ్వైయర్‌లకీ కొదవ లేదు, అందుకని రెండో అమ్మాయి ఏమైందో తేల్చకుండా ముందుకి పోకూడదు. ఒకరిని ఒప్పుకోవడం అంటే మిగతావాళ్లు ఎందుకు కారో చూపించడం కూడా.

ప్రభుత్వ నమోదు ఇక్కడ సాయం చేసింది. ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈ సైట్లో పాత పుట్టుక, పెళ్లి, చావు నమోదుల బొమ్మలు ఉచితంగా చూడొచ్చు. 1860ల చివర్లో అదే పారిష్‌లో ఒక బ్రిడ్జెట్ ర్యాన్ పెళ్లి, తండ్రి జాన్, రైతు. అప్పటికి మన బ్రిడ్జెట్ బురోవాలో రెండో బిడ్డ తల్లి. అయితే ఐరిష్ మ్యారేజ్ రికార్డులో తల్లి పేరు ఉండదు. ఈ పెళ్లికూతురు హేస్ వాళ్ల అమ్మాయా, డ్వైయర్ వాళ్ల అమ్మాయా అన్నది దాన్నిబట్టి తెలియదు. ఒకవేళ డ్వైయర్ వాళ్ల అమ్మాయి అయితే నా లెక్క మొత్తం తలకిందులు.

ఇక్కడ గ్రిఫిత్ వాల్యుయేషన్ అందుకుంది. 1847 నుంచి 1864 దాకా దేశమంతా భూమి, ఇళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరికి శిస్తు కడుతున్నారు, ఎన్ని ఎకరాలు, విలువ ఎంత అని అచ్చువేసిన జాబితా అది. ఆస్క్ అబౌట్ ఐర్లండ్ సైట్లో ఉచితం. టిప్పరరీ జాబితాల్లో ర్యాన్‌లు ఎంత ఎక్కువంటే ఒకరినుంచి ఒకరిని గుర్తుపట్టడానికి పేరు పక్కన ఇంకో పేరు చేర్చి రాశారు, బాన్ (తెల్ల) అనో రువా (ఎర్ర) అనో, లేదా తండ్రి పేరో తాత పేరో వృత్తో. మన ఊళ్లల్లో నలుగురు సుబ్బయ్యలుంటే పొడుగు సుబ్బయ్య, నల్ల సుబ్బయ్య అన్నట్టే. ఈ అదనపు పేరు కుటుంబంలో తరతరాలకీ అంటుకుని ఉంటుంది, అందుకే అది బంగారం. పక్కపక్క టౌన్‌ల్యాండ్‌లలో ఇద్దరు జాన్ ర్యాన్‌లు కనబడ్డారు, వేరువేరు అదనపు పేర్లతో. 1860ల చివర్లో పెళ్లయిన బ్రిడ్జెట్ తన చిరునామాగా ఇచ్చింది ఆ రెండో టౌన్‌ల్యాండ్, డిపాజిట్ జర్నల్‌లో ఉన్నది కాదు. ఆమె మొదటి బిడ్డకి జ్ఞానతల్లి ఒక హేస్. ఆ తర్వాత 1901లోనూ 1911లోనూ ఆమె అదే పారిష్‌లో మనవళ్లతో కనబడుతుంది. అలా రెండో బ్రిడ్జెట్ కథ అక్కడే, ఐర్లండ్‌లోనే పూర్తయింది.

జ్ఞాన తల్లిదండ్రుల జాబితాని చాలామంది చదవకుండా దాటేస్తారు, నాకు మాత్రం అక్కడే ప్రాణం. డ్వైయర్ వాళ్ల అమ్మాయి బ్రిడ్జెట్‌కి జ్ఞానతండ్రిగా నిలబడినతని పేరూ, బురోవాలో డబ్బు కట్టినతని తండ్రి పేరూ ఒకటే. అది అతని ఆస్ట్రేలియా డెత్ సర్టిఫికెట్‌లో ఉంది. ఆ జ్ఞానతండ్రి హనోరాకి అన్నదమ్ముడైతే, కజిన్ అంటే మేనమామ కొడుకన్నమాట.

పెన్షన్ కాగితం

ఇక్కడి దాకా వచ్చిన ఆధారం గట్టిదే. ఆ తర్వాత దొరికింది మాత్రం నేను ఆశించని స్థాయిది.

1908లో బ్రిటిష్ ప్రభుత్వం వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చింది, 1909 జనవరి నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లకి డబ్బు ఇవ్వడం మొదలైంది. ఐర్లండ్‌లో 1864కి ముందు పుట్టినవాళ్లకి బర్త్ సర్టిఫికెట్ లేదు. వయసు ఎలా నిరూపించాలి? అప్పటికి ఇంకా కాలిపోని 1841, 1851 జనాభా లెక్కల్లో వెతికించుకోవాలి. దరఖాస్తుదారు తన తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, అప్పుడు ఉన్న టౌన్‌ల్యాండ్, పారిష్, బారనీ రాసిస్తే, డబ్లిన్‌లో గుమాస్తా అసలు పుస్తకం తీసి చూసి, దొరికిందో లేదో రాసి పంపేవాడు. అసలు పుస్తకాలు 1922లో బూడిదయ్యాయి, ఈ వెతుకులాట ఫారాలు మాత్రం మిగిలాయి. నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఇవీ ఉచితమే.

మన బ్రిడ్జెట్ వాళ్ల అన్నయ్య 1901 లెక్కల్లో తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు గురించిన ఫారంలో గోడలు రాతివి కాబట్టి 1, పైకప్పు గడ్డిది కాబట్టి 0 అని మార్కులు వేశారు, ముందు వైపు రెండు కిటికీలు, విడిగా ఒక ఆవుల కొట్టం. భాష దగ్గర ఐరిష్, ఇంగ్లిష్ రెండూ. చదవడం రాదు. వయసు 56. పదేళ్ల తర్వాత 1911లో వయసు 72! పదేళ్లలో పదహారేళ్లు పెరిగాడు. ఇలాంటివి 1911 లెక్కల్లో ఊరూరా ఉంటాయి, కారణం పెన్షన్. అబద్ధం అని తొందరపడి తీర్పు చెప్పక్కర్లేదు, సరిగ్గా ఎప్పుడు పుట్టామో అంతకుముందు ఎవరూ అడగలేదు, అడిగినప్పుడు వెతికించుకున్నారు. ఈ వయసు గెంతు చూస్తే పెన్షన్ ఫారం కోసం వెతకాలని గుర్తు. వెతికాను, ఉంది.

తండ్రి జాన్ ర్యాన్, తల్లి హనోరా డ్వైయర్, టౌన్‌ల్యాండ్ డిపాజిట్ జర్నల్‌లోనిదే. గుమాస్తా 1851 లెక్కల నుంచి ఆ ఇంట్లో ఉన్న అందరి పేర్లూ వయసులూ అడుగున రాశాడు. అన్న 11. బ్రిడ్జెట్, కూతురు, 7. ప్యాట్రిక్, కొడుకు, 2. జనాభా లెక్క పోయింది గానీ, ఒక ముసలాయన పెన్షన్ కోసం పెట్టుకున్న అర్జీ వల్ల ఆ ఒక్క ఇల్లు మిగిలింది.

ఈ జాబితాని జ్ఞానస్నానం రిజిస్టరు పక్కన పెట్టి చూశాను. రిజిస్టరులో ప్యాట్రిక్‌లు ఇద్దరున్నారు, ఒకడు బ్రిడ్జెట్ కంటే ముందు పుట్టినవాడు, ఇంకొకడు 1848 చివర్లో పుట్టినవాడు. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టడం అక్కడ మామూలు. 1851లో ఉన్నది చిన్నవాడొక్కడే. పెద్ద ప్యాట్రిక్ ఎప్పుడు పోయాడో ఏ రిజిస్టరులోనూ లేదు, చావులు రాసే అలవాటు ఆ పారిష్‌లో లేదు. 1845 నుంచి 1852 దాకా సాగిన ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం వదిలిపోయారు. అనాథ కథ నిజం కాకపోయినా, కరువు మాత్రం ఈ ఇంటి గడప తొక్కే ఉంటుంది.

తండ్రి జాన్ పోయింది 1864కి ముందు కాబట్టి నమోదు లేదు. కానీ వాల్యుయేషన్ ఆఫీసు వాళ్లు గ్రిఫిత్ జాబితాని తర్వాతి ఏళ్లల్లో సవరిస్తూ పోయిన పుస్తకాలు ఉన్నాయి. ఒక పేరు కొట్టేసి పైన రంగు సిరాతో కొత్త పేరు రాసి, పక్కన సంవత్సరం వేస్తారు, ఏ సంవత్సరానికి ఏ రంగో దాన్నిబట్టి తెలుస్తుంది. జాన్ పేరు కొట్టేసి హనోరా అని రాసింది 1860 ప్రాంతంలో, ఓడ జాబితాలో "తండ్రి పోయాడు" అన్నదానికి సరిపోయింది. హనోరా తర్వాత కొడుకు పేరు. ఇంకా కిందకి వస్తే భూమి చట్టాల కింద కొనుక్కున్నట్టు ముద్ర, అంటే అప్పటిదాకా కౌలుకి చేసిన భూమి వాళ్ల సొంతమైంది. హనోరా చావు 1870ల్లో నమోదైంది: రైతు భార్య, విధవ, దగ్గరున్నది కొడుకు, అతని సంతకం చోట ఇంటూ గుర్తు.

డీఎన్ఏ గురించి అడుగుతారని తెలుసు. మామగారు పరీక్ష చేయించుకున్నారు. అమెరికాలో ఒకావిడ మ్యాచ్ వచ్చింది, ఆవిడ వంశవృక్షం బ్రిడ్జెట్ వాళ్ల అన్నయ్య దగ్గరికి వెళుతుంది. ఈ లెక్కన ఇద్దరూ మూడో తరం కజిన్‌లు. అలాంటివాళ్లకి సగటున 73 సెంటిమోర్గన్‌ల (డీఎన్ఏని కొలిచే కొలత) డీఎన్ఏ ఉమ్మడిగా ఉంటుంది, వీళ్లది ఆ దరిదాపుల్లోనే ఉంది. కానీ ర్యాన్‌లు ర్యాన్‌లనీ డ్వైయర్‌లనీ తరతరాలుగా చేసుకున్న చోట ఒక్క మ్యాచ్‌ని పట్టుకుని ఊగిపోకూడదు, ఇంకో దారిలో కూడా చుట్టరికం ఉండొచ్చు. చిన్న ప్యాట్రిక్ సంతతి నుంచి కూడా ఒక మ్యాచ్ దొరికి, ముగ్గురికీ ఒకే ముక్క కలిశాకే దాన్ని ఫైల్లో ఆధారంగా ఎక్కించాను. కాగితాలు లేకుండా డీఎన్ఏ ఒక్కదానితో ఈ కేసు తేలేది కాదు.

డెత్ సర్టిఫికెట్‌లో ఉన్న మైకేల్ ఎవరో కూడా తెలిసింది. బ్రిడ్జెట్ మామగారి పేరు అది. అల్లుడు పెద్దాయన పేరు గుర్తుంచుకున్నాడు గానీ, ఆయన భర్త వైపు పెద్దాయన.

మామగారికి ఇచ్చిన రిపోర్టులో బ్రిడ్జెట్ తల్లిదండ్రులు, టౌన్‌ల్యాండ్, అన్నదమ్ములు "నిరూపితం" అని రాశాను. డబ్బు కట్టిన డ్వైయర్ మేనమామ కొడుకన్నది "చాలావరకు" అని రాశాను, ఎందుకంటే హనోరాకీ ఆ జ్ఞానతండ్రికీ ఒకే తల్లిదండ్రులని చెప్పే కాగితం ఇంకా చేతిలో లేదు. జాన్ తండ్రి ఎవరన్నది ఖాళీగా వదిలాను. 1823 నుంచి 1837 మధ్య తయారైన టైథ్ (చర్చి పన్ను) పుస్తకాల్లో ఆ టౌన్‌ల్యాండ్‌లో ముగ్గురు ర్యాన్‌లు ఉన్నారు, అదనపు పేర్లు రాయలేదు, వాళ్లలో ఒకరిని ఎంచుకోవడానికి నా దగ్గర కారణమేమీ లేదు. మా ఆయన "నడిమాయన అయ్యుండొచ్చు కదా, పొలం పక్కనే ఉంది" అన్నాడు. అయ్యుండొచ్చు. ఆ ముగ్గురి పేర్లూ నోట్స్ పేజీలో ఉన్నాయి, చెట్టులో లేవు. ఇప్పుడు నేను చదువుతున్నది పక్క పారిష్ పెళ్లి రిజిస్టరు, డ్వైయర్‌ల కోసం.